చేతికి రాగి తీగ చుట్టుకుంటే సరిపోతుందా?

ప్రశ్న: మాది అనంతపురం. సప్తగిరి సర్కిల్‌కు దగ్గరలో సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు రిపేరు చేసే షాపు నడుపుతున్నాను. పోయిన దసరాకు షాపు కొత్తగా చేయించాం. పాత బండల మీద వినైల్ షీటు పరిపించాం, చక్రాల కుర్చీ కొన్నాం, కూలర్ తీసేసి ఏసీ పెట్టాం. శివరాత్రి దాటినప్పటి నుంచి టెన్షన్ మొదలైంది. బోర్డు మీద కొత్తగా వేసే చిన్న చిప్‌లు, అంటే మాస్‌ఫెట్‌లు (స్విచ్‌లా కరెంటును ఆన్, ఆఫ్ చేసేవి), ఛార్జింగ్ ఐసీలు, వేసిన వెంటనే పోతున్నాయి. కొన్ని బాగానే పనిచేసి, పదిహేను రోజులకు కస్టమర్ చేతిలో పోతున్నాయి. కుర్చీలోంచి లేచి షట్టర్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. ఇదంతా స్టాటిక్ (రాపిడికి పుట్టి ఒంటి మీద చేరే ఛార్జీ) వల్లనే అని ఒక వీడియోలో చూశాను. మా చిన్నాయన ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. "ముప్పై ఏండ్లు ఒట్టి చేతులతోనే పని చేసినా, ఒక్కటన్నా కాలిందా? అదంతా సామాన్లు అమ్ముకునేదానికి చెప్పే మాట" అంటాడు. అంత భయమైతే ఒక రాగి తీగ చేతికి చుట్టి ఎర్త్‌కు కట్టుకోమంటాడు. ఛార్జీ దించడానికి మణికట్టుకు కట్టుకునే రిస్ట్ స్ట్రాప్‌లు, వైరు లేనివి కూడా, ఆన్‌లైన్‌లో చూశాను. ఏది కొనాలి? చెప్పులు విప్పి పనిచేస్తే చాలదా? ఇప్పటికే ఇచ్చేసిన ఫోన్ల సంగతి ఏమిటి?

జవాబు: ముందు ఆ రాగి తీగ సంగతి. ఇప్పటికే కట్టుకుని ఉంటే మిగతాది తర్వాత చదువుదురుగాని, విప్పి పక్కన పెట్టండి. మీ బల్ల మీద 230 వోల్టుల సామాను ఎంత లేదన్నా నాలుగైదు ఉంటుంది: సోల్డరింగ్ ఐరన్, వేడిగాలి ఊదే హాట్ ఎయిర్ మిషన్, పవర్ సప్లై, ల్యాప్‌టాప్ అడాప్టర్. వాటిలో దేని ఇన్సులేషన్ పాడైనా, కుడి చెయ్యి దానికి తగిలి, ఎడమ చెయ్యి తీగతో నేరుగా ఎర్త్‌కు కట్టి ఉంటే, కరెంటు గుండె మీదుగా పోతుంది. మామూలు రోజుల్లో ప్లాస్టిక్ కుర్చీ, చెప్పులు, కింద షీటు కలిసి మనల్ని ఎంతో కొంత కాపాడుతుంటాయి. రాగి తీగ ఆ కాస్త అడ్డూ తీసేస్తుంది. ఇళ్ళలో పెట్టే ఆర్‌సీసీబీని (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) 30 మిల్లీ ఆంపియర్లకే ట్రిప్ అయ్యేలా చేస్తారంటే, ఎంత కొంచెం కరెంటుకు ప్రాణం మీదికి వస్తుందో చూడండి.

సరైన రిస్ట్ స్ట్రాప్‌లో పట్టీకీ వైరుకీ మధ్య 1 మెగా ఓమ్ (పది లక్షల ఓమ్‌ల) రెసిస్టర్, అంటే కరెంటును అదుపు చేసే భాగం, ఉంటుంది. పొరపాటున 230 వోల్టులు తగిలినా దాని గుండా పోయేది 0.23 మిల్లీ ఆంపియర్. చాలామందికి అది తెలియను కూడా తెలియదు. మరి అంత పెద్ద రెసిస్టర్ స్టాటిక్‌ను కూడా ఆపేయదా అని మీ చిన్నాయన అడగవచ్చు. ఆపదు. మనిషి శరీరాన్ని సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటర్‌గా (ఛార్జీని నిలవ ఉంచే భాగం) లెక్కలోకి తీసుకుంటారు. 100 పికోఫారడ్లలో ఉన్న ఛార్జీ 1 మెగా ఓమ్ గుండా దిగిపోవడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. అంటే ఆ రెసిస్టర్ మీ ప్రాణానికి రక్షణ, ఛార్జీకి మాత్రం తెరిచిన దారి.

రెసిస్టర్ ఉన్న స్ట్రాప్‌ను కూడా అన్ని పనులకూ కట్టుకోకూడదు. కరెంటు ఆన్‌లో ఉన్న ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై), అడాప్టర్, ఇన్వర్టర్, పాత టీవీ లోపల చేతులు పెట్టేటప్పుడు విప్పేయాలి. 230 వోల్టుల సప్లైని డీసీగా మార్చి నిలిపే పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా కాసేపు నిలిచే ఉంటుంది. అలాంటి పని దగ్గర ఐసీ కంటే మీరు ముఖ్యం.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క దసరాకు చేయించిన మార్పులు. బండల మీద వినైల్, చక్రాల కుర్చీ, కూలర్ బదులు ఏసీ. స్టాటిక్ పెరగాలని ఎవరైనా పనిగట్టుకుని షాపు సర్దినా ఇంతకంటే బాగా సర్దలేరు. వినైల్ మీద చెప్పులతో నడిచినా, రెగ్జిన్ కుర్చీలో పాలిస్టర్ ప్యాంటు రాసుకున్నా ఛార్జీ పుడుతుంది. పాత బండలకు, సిమెంటు నేలకు కొంతైనా తేమ పట్టి ఉంటుంది కాబట్టి పుట్టిన ఛార్జీ మెల్లగా దిగిపోయేది. వినైల్ దాన్ని దిగనివ్వదు. కూలర్ ఉన్నప్పుడు గాలిలో నీటి ఆవిరి కలిసేది. ఏసీ కలపదు సరికదా, ఉన్న కాస్త తేమనూ తీసి బయటి పైపులోంచి వదిలేస్తుంది.

అనంతపురం గాలి మొదటే పొడి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల. మాఘం వెళ్ళాక మధ్యాహ్నాలు పెదవులు పగిలేంత ఎండగాలి. తేమ తేడా ఎంత పని చేస్తుందో చెప్పడానికి పాత అమెరికా సైనిక హ్యాండ్‌బుక్‌లోని పట్టికను అందరూ చూపిస్తుంటారు. గాలిలో తేమ 10 నుంచి 20 శాతం ఉన్నప్పుడు కార్పెట్ మీద నడిచిన మనిషికి 35,000 వోల్టుల దాకా ఎక్కవచ్చు. 65 నుంచి 90 శాతం ఉంటే అదే నడకకు 1,500. బల్ల దగ్గర కూర్చుని పనిచేసే మనిషికి ఈ అంకెలు 6,000, 100. మీ షాపులో కచ్చితంగా ఇంతే ఉంటుందని కాదు, శివరాత్రికి ముందు లేని బాధ తర్వాత ఎందుకు మొదలైందో తెలియడానికి చెబుతున్నాను. ఏసీ పెట్టినందుకు బాధపడకండి, ఈ ఊళ్ళో ఏప్రిల్లో ఏసీ వద్దనడం అన్యాయం. తేమ చూపే చిన్న మీటరు ఒకటి బల్ల మీద పెట్టుకోండి. 40 శాతం పైన ఉంటే ఫరవాలేదు, 30 కిందికి దిగిన రోజు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేయాలి. తేమ ఒక్కటే మందని మాత్రం అనుకోవద్దు. వానాకాలంలో కూడా ఐసీని చంపే పాటి ఛార్జీ పుడుతుంది.

మీ చిన్నాయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన చేతిలో పడినవి పాత రేడియోల గాజు వాల్వులు, ఏసీ 128 లాంటి జర్మేనియం ట్రాన్సిస్టర్లు, ఆ తర్వాత బీసీ 547లు. అవి మొండి సరుకు. మీరు వేస్తున్న మాస్‌ఫెట్‌లో గేటుకూ (దాన్ని నడిపించే కాలు), లోపలి సిలికాన్‌కూ మధ్య ఉండేది కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడ్ పొర. గేటుకు 20 వోల్టులు మించి ఇవ్వకూడదని చాలా మాస్‌ఫెట్‌ల డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది, కొన్నిటికి ఇంకా తక్కువ. మనిషికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. షట్టర్ దగ్గర మీకు తగిలింది అంతకంటే ఎక్కువే. 100, 200 వోల్టులు వేలి కొస నుంచి ఐసీలోకి దూకినా మీకు తెలియదు, చప్పుడు ఉండదు, మెరుపు ఉండదు. పైగా చిన్నాయన కాలంలో బండల నేల, చెక్క బల్ల, నూలు చొక్కా. ఆయన అదే అలవాటుతో ఈ రోజు మీ కుర్చీలో కూర్చుంటే ఆయనకూ పోతాయి.

పదిహేను రోజులకు పోవడం కూడా ఇందులో భాగమే కావచ్చు. ఛార్జీ తగిలిన ప్రతిసారీ పొర పూర్తిగా తూట్లు పడదు. కొన్నిసార్లు సగం దెబ్బతిని ఊరుకుంటుంది. మీరు పరీక్షించినప్పుడు ఫోన్ ఛార్జింగ్ ఎక్కుతుంది, మల్టీమీటరులో అన్నీ సరిగ్గా ఉంటాయి. తర్వాత వేడికి, వాడకానికి ఆ బలహీనమైన చోట తెగుతుంది. పైకి కాలిన గుర్తు ఏమీ కనిపించదు కాబట్టి "మాల్ నకిలీది" అనుకుంటాం. నకిలీ మాల్ కూడా బజార్లో బోలెడు ఉంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

పని సూత్రం ఒక్కటే. రెండు తొట్లలో నీళ్ళు ఒకే మట్టంలో ఉంటే మధ్య పైపు తెరిచినా నీళ్ళు కదలవు. మీరు, బల్ల, ఐరన్, బోర్డు ముట్టుకోవడానికి ముందే ఒకే మట్టానికి వస్తే దూకడానికి ఏమీ ఉండదు. ఏది కొన్నా ఇందుకోసమే. ఏ సామాను ఈ పని చేయదో దానికి డబ్బు పెట్టకండి. వైరు లేని స్ట్రాప్ సరిగ్గా ఆ కోవలోది. ఛార్జీ ఎక్కడికో పోవాలి కదా, వైరే లేనప్పుడు ఎక్కడికి పోతుంది? అది చేతి గాజు, అంతే.

వైరున్న స్ట్రాప్ కొనండి, కొన్ని వందల్లో అయిపోతుంది. కొన్న రోజున, ఆ తర్వాత రోజూ షాపు తెరిచినప్పుడు మల్టీమీటరు ఒక కొసను పట్టీ లోపలి లోహపు బిళ్ళకు, రెండోది వైరు చివరనున్న మొసలి క్లిప్పుకు పెట్టి చూడండి. 1 మెగా ఓమ్ దగ్గర చూపాలి. సున్నా చూపితే అందులో రెసిస్టర్ లేదు, రాగి తీగతో సమానం, పారేయండి. ఏమీ చూపకపోతే స్ప్రింగు లాంటి ఆ వైరు లోపల తెగింది. ఇవి ఎక్కువగా చేతికి కట్టే చోటే తెగుతాయి, పైకి తెలియదు. లోహపు బిళ్ళ నేరుగా చర్మానికి ఆనాలి. చొక్కా చేతి మీదుగా, గుళ్ళో కట్టిన దారాల మీదుగా బిగిస్తే కట్టుకున్నట్టే కాదు. చర్మం బాగా ఎండిపోయి ఉంటే అక్కడ కాస్త తడి అద్దండి. లోహపు వాచీ, కడియం తీసేయండి, అవి బోర్డు మీద షార్ట్ చేస్తాయి.

ఒట్టి కాళ్ళ సంగతి అడిగారు. పాత బండల మీదైతే కొంత ఉపయోగం ఉండేది. వినైల్ మీద, చక్రాల కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటే సున్నా. ఫ్యాక్టరీల్లో ఛార్జీని దించే ప్రత్యేకమైన నేల వేసి, మడమకు పట్టీలు కడతారు. నేల, పట్టీ రెండూ ఉంటేనే అది పనిచేస్తుంది. కడప దగ్గర కొప్పర్తి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో పనిచేసే కుర్రాడెవరైనా మీకు తెలిసి ఉంటే ఒకసారి పిలిచి మీ బల్ల చూపించండి. అలాంటి చోట రోజూ చేసే అలవాట్లు వీడియోలకంటే బాగా నేర్పుతాయి.

ఛార్జీ దించడానికి బల్ల మీద పరిచే మ్యాట్ విషయంలో ఒక మోసం ఉంది. సెల్ షాపుల్లో కనిపించే నీలం రంగు సిలికోన్ మ్యాట్‌లను చాలాచోట్ల యాంటీ స్టాటిక్ అని అమ్ముతారు. వాటిలో ఎక్కువ భాగం వేడిని తట్టుకునేవే తప్ప ఛార్జీని దించేవి కావు, సిలికోన్ (చిప్‌లోని సిలికాన్ కాదు) స్వతహాగా మంచి ఇన్సులేటర్. నిజమైన మ్యాట్ రబ్బరుది, రెండు పొరలుంటాయి, కింది పొర సాధారణంగా నల్లగా ఉంటుంది, వైరు తగిలించడానికి మూలన ఒక టిచ్ బటన్ ఉంటుంది. పై పొర రెసిస్టెన్స్ సుమారు 1 మెగా ఓమ్ నుంచి 1,000 మెగా ఓమ్‌ల మధ్య ఉంటుంది కాబట్టి మామూలు మీటరు ఏమీ చూపకపోవచ్చు, దాన్నిబట్టి తీర్మానించకండి. టెస్ట్ రిపోర్ట్ అడిగి కొనండి. అంత ఎక్కువ రెసిస్టెన్స్ ఎందుకు, స్టీలు రేకు వేస్తే పోదా అనుకుంటారేమో. ఛార్జీ ఎక్కిన ఐసీని ఒట్టి లోహం మీద పెడితే ఆ ఛార్జీ ఒక్క ఉదుటున బయటికి పోతుంది, దానివల్లనే ఐసీ చస్తుంది. బ్యాటరీ తగిలించిన బోర్డును రేకు మీద పెడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఛార్జీ మెల్లగా దిగాలి.

మ్యాట్ వైరు, స్ట్రాప్ వైరు ఒకే బోల్టు దగ్గర కలపండి, ఆ బోల్టును ఎర్త్‌కు కలపండి. ఇక్కడ ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, బేరమాడకుండా పిలవాలి. అద్దె గదుల్లో మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. మూడో రంధ్రం వెనక వైరే లేని సాకెట్లు, ఇంకా ఘోరంగా న్యూట్రల్‌నే ఎర్త్‌గా కలిపిన సాకెట్లు కనిపిస్తాయి. కంప్యూటర్ కేబినెట్ ముట్టుకుంటే జుమ్మంటోందంటే చాలావరకు ఎర్త్ లేదనే అర్థం: లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఆ ఇనుప డబ్బా మీద సగం సప్లై వోల్టేజ్, అంటే 115 వోల్టుల ప్రాంతంలో తేలుతుంటుంది. అలాంటి ఉత్తుత్తి ఎర్త్‌కు మీ స్ట్రాప్, మ్యాట్ తగిలిస్తే ఆ వోల్టేజ్‌ను మీరే తెచ్చి బోర్డుకు అంటిస్తున్నట్టు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూడమనండి. పూర్తి వెలుతురుతో వెలగాలి, లేదా ఆర్‌సీసీబీ ఉంటే అది ట్రిప్ అవ్వాలి. మినుకుమంటే ఎర్త్ నీరసంగా ఉంది. మన వైపు నేల కింద తొందరగా రాయి తగులుతుంది, ఎండలకు ఎర్త్ గొయ్యి చుట్టూ మట్టి ఎండిపోయి రెసిస్టెన్స్ పెరుగుతుంది. బిల్డింగ్ ఓనర్‌తో మాట్లాడి వేసవిలో ఆ గోతిలో నీళ్ళు పోయించండి. స్టాటిక్ దిగడానికి అంత గొప్ప ఎర్త్ అక్కర్లేదు నిజానికి, కానీ షాక్ నుంచి మిమ్మల్ని కాపాడేది కూడా అదే వైరు.

ఐరన్ రెండు పిన్నులదైతే మార్చండి. మూడు పిన్నులదైతే ప్లగ్ తీసేసి, ప్లగ్ పొడుగు పిన్నుకూ ఐరన్ ముక్కు (బిట్) కొసకూ మధ్య కొలవండి; 5 ఓమ్‌ల లోపు రావాలి. బిట్ ఎర్త్ కాకపోతే హీటర్ లీకేజీ నేరుగా ఐసీ కాళ్ళలోకి పోతుంది. దాన్ని కూడా మనం స్టాటిక్ ఖాతాలో రాసేస్తుంటాం.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. స్ట్రాప్ కట్టుకుంటే మీ ఒంటి మీది ఛార్జీ దిగుతుంది, మీ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ది దిగదు. ఇన్సులేటర్‌కు ఎర్త్ వైరు చుట్టినా ఛార్జీ ఉన్నచోటే ఉంటుంది. అందుకే థర్మోకోల్ ముక్క, సెల్లోటేపు, బబుల్ షీటు, టీ కప్పు, పాలిథిన్ సంచీ బోర్డు దగ్గరికి రానివ్వకూడదు. టేపు చుట్ట నుంచి ఒక్కసారి లాగితే వేల వోల్టులు పుడతాయి. మీ షాపుకు సంబంధించి ఇంకా పెద్దది కొత్త డిస్‌ప్లే మీది పలుచని ఫిల్మ్. సర్రుమని లాగడం చూడటానికి బాగుంటుంది, కస్టమర్ కూడా సంబరపడతాడు. స్ట్రాప్ కట్టుకుని, కనెక్టర్ పిన్నులకు దూరంగా ఉన్న కొస నుంచి నిదానంగా తీయండి. బోర్డు దుమ్ము దులపడానికి నైలాన్ బ్రష్, పెయింట్ బ్రష్ వాడుతుంటే మానేసి, ఛార్జీ పుట్టనివ్వని నల్ల బ్రష్ తెచ్చుకోండి. మన ఊరి దుమ్ముకు రోజుకు పదిసార్లు బ్రష్ పట్టక తప్పదు కాబట్టి ఇది చిన్న ఖర్చనిపించినా ముందు వరుసలో పెడతాను. పనిలో ఉన్నంతసేపు నూలు చొక్కా, పొట్టి చేతులు.

ఐసీలను థర్మోకోల్‌లో గుచ్చి పెట్టే అలవాటు మీకూ ఉంటే ఈ రోజే తీసేయండి. కాళ్ళున్న ఐసీలకు నల్లటి కండక్టివ్ (ఛార్జీ పారే) ఫోమ్. బోర్డులకు, ర్యామ్‌కు, డిస్‌ప్లేలకు వెండి రంగు కవరు. గులాబీ రంగు కవరు తనంతట తాను ఛార్జీ పుట్టించదు, అంతే. బయటి నుంచి వచ్చే దెబ్బను ఆపదు. వెండి కవరు ఆపుతుంది, కానీ నోరు మడిచి మూస్తేనే, చిల్లులు లేకపోతేనే. చాలామంది కవరును బల్ల మీద పరిచి దాని మీద బోర్డు పెట్టి పనిచేస్తారు. రక్షణ అంతా లోపల పెట్టినప్పుడే. కొత్త పార్టు వస్తే కవరును ముందు మ్యాట్ మీద పెట్టి, స్ట్రాప్ కట్టుకున్న చేతితో ముట్టుకుని, అప్పుడు విప్పండి. బోర్డును అంచులు పట్టుకోండి, కనెక్టర్ పిన్నుల మీద వేలు వేయకండి. కౌంటర్ దగ్గర కుర్రాడు మీకు బోర్డు అందిస్తుంటే, ముందు అతని చేతిని మీ చేతితో తాకి ఆ తర్వాత బోర్డు అందుకోండి. ఇద్దరి మధ్య తేడా ఏదైనా ఉంటే చేతుల దగ్గరే తీరిపోతుంది. ఇది పైసా ఖర్చు లేని పని.

అన్ని చావులూ స్టాటిక్‌వే అని నేను అనను. మాస్‌ఫెట్ మీద కాలిన మచ్చ, పొక్కు ఉండి, డ్రెయిన్‌కూ సోర్స్‌కూ (గేటు కాక, కరెంటు నడిచే మిగతా రెండు కాళ్ళు) మధ్య షార్ట్ అయితే, ఎక్కువగా అది లోడ్ వల్ల, లేదా ఆ లైన్‌లో ముందున్న షార్ట్‌ను చూడకుండా కొత్తది వేయడం వల్ల. పైకి శుభ్రంగా ఉండి గేటుకూ సోర్స్‌కూ మధ్య లీకేజీ చూపిస్తే స్టాటిక్‌ను గట్టిగా అనుమానించండి. ఛార్జింగ్ ఐసీలకు చవక ఛార్జర్లు, కారు ఛార్జర్లు పెద్ద శత్రువులు; ఫోన్‌తోపాటు ఛార్జర్ కూడా తెమ్మనండి. బ్యాటరీ కనెక్టర్ తీయకుండా డిస్‌ప్లే మార్చడం ఇంకొకటి. నకిలీ మాల్ సంగతి తేలాలంటే, బల్ల సరిచేసుకున్నాక అదే షాపు నుంచి తెచ్చిన అదే ఐసీని వేసి చూడండి. అప్పటికీ వేసిన వెంటనే పోతుంటే తప్పు అమ్మినవాడిది.

డబ్బు ఒకేసారి పెట్టలేకపోతే ఎర్త్ పరీక్ష, స్ట్రాప్, బ్రష్ ముందు. మ్యాట్ వచ్చే నెల కొనవచ్చు. వినైల్ షీటు పీకేయక్కర్లేదు, మీ పని బల్ల కింద మాత్రం కత్తిరించి పాత బండ తేల్చండి.

ఇచ్చేసిన ఫోన్లను ఇప్పుడు పరీక్షించే దారి లేదు. సగం దెబ్బతిన్న ఐసీని మీ దగ్గరున్న మీటరు పట్టలేదు, అందరికీ ఫోన్ చేసి భయపెట్టి ప్రయోజనమూ లేదు. శివరాత్రి తర్వాత మీరు ఐసీ మార్చిన బోర్డుల జాబితా బిల్లు బుక్కులోంచి రాసి పెట్టుకోండి. వాటిలో ఏదైనా అదే లోపంతో తిరిగి వస్తే కూలి అడగకండి, పార్టు ఖర్చు కూడా మీరే భరించండి. స్టాటిక్ అని కస్టమర్‌కు పాఠం చెప్పబోతే సాకు అనుకుంటాడు. "మేం వేసిన పార్టు పోయింది, మారుస్తాం" అంటే చాలు.